మామూలు గొంతు

కొత్త కోడలికి ఆ ఇంట్లో అన్నీ ముద్దొచ్చేవి. ఉన్నవి మూడే గదులు, అదీ మెట్లెక్కి మెట్లెక్కి ఆయాసపడితే వచ్చే పై అంతస్తులో. స్నానాలగది తలుపు కాస్త పైకెత్తి నెడితే గాని గడియ పడదు. ఆ కిటుకు ఎవరూ చెప్పకుండానే పట్టుబడినందుకు మొదటిరోజే పొంగిపోయింది. మొగుడు లిఫ్టు మెకానిక్కు. అతని చొక్కాకి అంటిన గ్రీజు వాసన కూడా ఆమె ముక్కుకి అత్తరే. కళ్ళద్దాల దుకాణంలో పొద్దుగూకులూ "ఈ అక్షరం కనపడుతోందా, పోనీ ఇదీ?" అని జనాన్ని అడిగి అడిగి ఇంటికొచ్చి, బాల్కనీలో అతనితో ఒకే గ్లాసులో టీ తాగుతుంటే కాళ్ళు నేలమీద నిలిచేవి కావు.

ఇన్ని చిన్న చిన్న సంతోషాల మీద పెద్ద సంతోషం మామగారు.

బడికి వెళ్ళే వయసు నుంచీ ఆమెకి పాత కుంగ్‌ఫూ సినిమాలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం టీవీలో తెల్లగడ్డం గురువు వెదురుతోటలో నిలబడి, "బాలకా, నీ పాదములు నేలను మరచినవి" అనగానే అక్కాచెల్లెళ్ళు మంచం మీంచి దూకి ఒంటికాలి మీద నిలబడేవాళ్ళు. ఎవరి కాలు ముందు దిగితే వాళ్ళు గిన్నెలు కడగాలి. ఆ గొంతు బండని బండ మీద ఈడ్చినట్టుండేది, అడుగున ఎక్కడో తేనె తగిలేది. అది ఎవరిదని ఆమె ఏనాడూ అనుకోలేదు. గురువుదే అనుకుంది. సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు కాబోయే మామగారు తలుపు తీసి, బనీను మీద తువ్వాలు సర్దుకుంటూ, "వచ్చితివా, శిష్యురాలా" అనేసరికి నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలియక రెండూ చేసింది. అబ్బాయి నచ్చాడా అని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అడిగే పని లేకపోయింది.

ఆయన బతుకంతా పరాయి నోళ్ళకి గొంతు అరువివ్వడంతోనే గడిచింది. తెర మీద ముసలాయన ఏ భాషలోనో ఏదో అంటాడు. ఈయన చీకటిగదిలో మైకు ముందు నిలబడి ఆ పెదవుల మీద తెలుగు అతికిస్తారు. చిక్కేమిటంటే మనమాట అయిపోయాక కూడా ఆ నోరు ఆడుతూనే ఉంటుంది. ఖాళీగా ఆడే నోటిని ప్రేక్షకుడు క్షమించడు. అందుకని "అనగా", "కనుక", "అయినప్పటికిన్నీ" అని కూరేవారు. అలా కూరగా కూరగా గురువు మాటతీరే అదయిపోయింది, జనం దానికే పడి చచ్చారు. చివరికి ఇంట్లోనూ అంటుకుంది. కూరలో ఉప్పు తక్కువైతే మామగారు కంచం వంక చూసి, "అనగా... ఉప్పు లేదు కనుక... అయినప్పటికిన్నీ తినెదను" అనేవారు. కోడలు పొలమారేదాకా నవ్వేది. అత్తగారు మాత్రం ఉప్పుడబ్బా ఠపీమని ముందు పెట్టి, "గురువుగారికి చేతులున్నాయి కనుక వేసుకొనెదరు" అనేది.

ఆ సినిమాలు పాతబడి మూలపడ్డాయా అంటే, లేదు. కింద మంగలిషాపు టీవీలో అవే. వీధి చివర పంక్చర్లు వేసే చోట ఫోన్లో అవే. కొత్తవి ఎన్ని వచ్చినా, తీగల మీద ఎగిరేవీ కంప్యూటరు మంటలూ ఎన్ని చూసినా, జనం తిరిగి తిరిగి ఆ వెదురుతోటకే వస్తారు. ఎందుకంటారు మామయ్యగారూ అని ఒకసారి అడిగింది కోడలు. ఆయన గడ్డం లేని చోట గడ్డం నిమురుకుని ఆలోచించారు.

"అక్కడ కష్టానికి కూలి దొరుకుతుందమ్మా. ఏళ్ళ తరబడి నీళ్ళకుండలు మోస్తే చేతుల్లోకి బలం వస్తుంది. ఒళ్ళు చెప్పినమాట వింటుంది. బయట కుండలు మోసినవాడికి ఏమొస్తుంది? నడుంనొప్పి వస్తుంది. నడుంనొప్పిగాళ్ళందరూ కలిసి చూసే సినిమా శిష్యురాలా అది."

పెళ్ళయిన కొద్దిరోజులకే కబురు వచ్చింది. ఆ వరస సినిమాలన్నిటినీ ఎక్కడో కడిగి, గీతలు పోగొట్టి, కొత్త బొమ్మలా తయారుచేశారట. పాత తెలుగు మాటల అసలు టేపులు మాత్రం బూజుపట్టి పనికిరాకుండా పోయాయట. మళ్ళీ మొదటి నుంచీ మాటలు అతికించాలి. గురువు పాత్రకి వేరే గొంతయితే జనం రాళ్ళేస్తారని ఛానెలు వాళ్ళే ఫోను చేశారు. ఇంట్లో పండగయింది. కొడుకు స్వీటుపెట్టె తెచ్చాడు. మామగారు అద్దం ముందు నిలబడి కళ్ళు చిన్నవి చేసుకుని, "అనగా... గురువునకు మరణము లేదు" అన్నారు.

మొదటిరోజు పని నుంచి వచ్చి ఉబ్బిపోతూ చెప్పారు. సౌండు ఇంజినీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. "సార్, ఇదివరకటి కంటే పండింది గొంతు, ఎలా కాపాడుకున్నారు?" అని అడిగాడట. నిజంగానే పండింది. రాయి మరింత గరుకు తేలింది. కోడలైతే కాలు నిలవక భోజనాల దగ్గర శిష్యురాలి వేషం కట్టేసింది. గరిటె కత్తిలా పట్టుకుని, "గురుదేవా, ఈ వంకరటింకర రొట్టెను తాము స్వీకరించెదరా" అని తను మొదలుపెట్టడం, ఆయన ఆ గొంతుతో అందుకోవడం, మొగుడు పొట్ట పట్టుకుని నవ్వడం. ఇలాంటి ఇల్లు ఇంకెవరికైనా దొరుకుతుందా అని ఆమె లోలోపల మురిసిపోయేది.

సినిమా తర్వాత సినిమా అవుతోంది. ఆ గొంతు మాత్రం ఇంట్లోంచి పోలేదు.

మొదట విసుక్కున్నది అత్తగారే. పూర్వం కూడా పని జరిగినన్నాళ్ళూ ఆయన గురువులాగే మాట్లాడేవారట. పని అయ్యాక నాలుగు రోజులకి దిగిపోయేదట, జ్వరం దిగినట్టు. ఇప్పుడు పాలవాడితోనూ అదే గొంతు, కరెంటు ఆఫీసులోనూ అదే. ఒకరోజు అత్తగారి చెల్లెలు ఫోను చేస్తే ఈయన ఎత్తి గురువుగారిలా మాట్లాడారట, ఆవిడ హడలిపోయి పెట్టేసిందట. అత్తగారికి ముక్కుమీదే కోపం.

"వయసొచ్చింది, కోడలొచ్చింది, ఇంకా ఏమిటండీ ఈ వేషాలు? మామూలు గొంతుతో పిలిస్తేనే పలుకుతాను. లేకపోతే లేదు" అనేసింది. "కట్టుకున్న మొగుణ్ణి మామూలుగా పిలవమనడం కూడా గొంతెమ్మ కోరికేనా?"

ఆయన నోరు తెరిచి, మూసి, నవ్వి ఊరుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఆవిడని పిలవడం మానేశారు. నీళ్ళు కావాలంటే తనే లేచి వెళ్ళి తెచ్చుకునేవారు. అత్తగారు పంతం పట్టి మొహం తిప్పుకునేది. ఈ వయసులో వీళ్ళ అలకలేమిటని కోడలూ కొడుకూ బాల్కనీలో గుసగుసలాడుకుని నవ్వుకున్నారు.

ఒక మధ్యాహ్నం దుకాణానికి సెలవు. అత్తగారు కింద వాళ్ళతో కబుర్లలో ఉంది. కోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. మామగారు పక్కగదిలో పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. నిద్రలో ఏదో కలవరించారు. అలవాటుగా ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చింది. మళ్ళీ కలవరించారు. "తలుపెయ్యవే, వాన పడుతోంది." అంతే. అందులో అనగా లేదు, కనుక లేదు. మాట మామూలు మొగుడి మాట. గొంతు మాత్రం గురువుది.

ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. నిద్రలో ఎవరూ నటించరు.

వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. నోరు కొంచెం తెరుచుకుని, మెడ పక్కకి వాలి, ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఎక్కడో సన్నటి ఈల. తను భోజనాల దగ్గర గరిటె పట్టుకుని ఆడించినదంతా ఒక్కొక్కటే కళ్ళముందుకి వచ్చింది. తను అడిగితే ఆయన ఆ గొంతు పెట్టేవారని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆయన పెట్టలేదు. ఆయన దగ్గర ఇంకో గొంతు లేదు.

సాయంత్రం మొగుడికి చెప్పింది. అతను బూట్లు విప్పుతూ విన్నాడు.

"పిచ్చిదానా, మా నాన్న సంగతి నీకు తెలీదు. నిద్రలో కూడా రిహార్సలే ఆయనకి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే కూడా ఆ గొంతుతోనే మందు తాగించేవాడు."

"మీరు ఆయన మామూలు గొంతు ఆఖరిసారి ఎప్పుడు విన్నారండీ?"

అతను ఒక బూటు చేతిలో పట్టుకుని ఆలోచించాడు. పెళ్ళికి ముందు అన్నాడు. తర్వాత, ఏమో, పెళ్ళి పనుల్లో అరిచి అరిచి గొంతు పోయింది కదా అప్పుడు అన్నాడు. ఆ బూటు పక్కన పెట్టి రెండోది విప్పుకున్నాడు. కాసేపటికి మాత్రం మళ్ళీ నవ్వేసి, ఛానెలు వాళ్ళు అంత మెచ్చుకుంటుంటే జబ్బేమిటన్నాడు. ఆ మాట నమ్మాలని ఆమెకీ ఉంది. తెలివితక్కువ వల్ల కాదు, సంతోషంగా ఉన్నవాళ్ళకి సంతోషం వదులుకోవడం చేతకాదు. అలా ఆ రాత్రి ఇద్దరూ నమ్మారు.

పొద్దున్నే మామగారు పనికి బయలుదేరుతుంటే ఆమె చెప్పులు అందిస్తూ అడిగింది. "మామయ్యగారూ, ఒక్కమాట మీ మామూలు గొంతుతో అనండి."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. ఆమెకి తెలిసిపోయిందని ఆయనకీ తెలిసింది. ప్రయత్నించారు. మెడ నరాలు ఉబ్బాయి. "ఇదేనమ్మా" అన్నది గురువు గొంతే. "ఇదే మామూలు ఇప్పుడు."

నొప్పి ఉందా అంటే మింగేటప్పుడు అన్నారు. ఎప్పటి నుంచి అంటే చెయ్యి ఊపేశారు. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే మాత్రం చాలాసేపు చెప్పు తొడుక్కుంటూ ఉండిపోయారు. పెళ్ళిపనుల్లో ఎందుకులే అనుకున్నారట. ఆ తర్వాత ఈ కబురు వచ్చింది. ఇన్నేళ్ళకి జనం మళ్ళీ అడిగారు. గొంతు బాగులేదంటే ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఎలాగూ ఈ గొంతే కదా వాళ్ళకి కావలసింది. దొంగకి చీకటి దొరికినట్టు తనకి గురువు దొరికాడన్నారు.

"ఆఖరి సినిమా ఈ వారంతో అయిపోతుందమ్మా. గురువు చనిపోయే ఘట్టం ఒక్కటే మిగిలింది. అది అయ్యాక నువ్వు ఏ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళినా వస్తాను. అప్పటిదాకా మీ అత్తయ్యకి చెప్పకు."

ఆమె అప్పుడే కేకవేసి అందరినీ పిలవాల్సింది. పిలవలేదు. ఆ చనిపోయే ఘట్టం ఆమె చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసిందో. అది ఆ గొంతులో మళ్ళీ వినాలన్న ఆశ తనలోనూ ఉంది. ఆ ఆశే తన నోరు కట్టేసిందని ఆమెకి ఆ క్షణంలోనే తెలుసు. తను చెప్పకుండా ఉండాలంటే తనని కూడా స్టూడియోకి తీసుకెళ్ళాలంది. ఆయన సరేనన్నారు.

స్టూడియో అంటే ఏదో అనుకుంది. ఒక షాపుల వరస వెనక, ఇరుకు సందులో, కోడిగుడ్లు అమర్చే అట్టల్లాంటి స్పాంజి గోడలకి అంటించిన గది. అద్దానికి ఇవతల సౌండు ఇంజినీరు, పక్కన కోడలికి ఒక ప్లాస్టిక్ కుర్చీ. అద్దానికి అవతల చిన్నదీపం కింద మామగారు, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు. ఎదురుగా తెర మీద గురువు మెట్ల మీద వాలిపోయి ఉన్నాడు. శిష్యుడు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. శబ్దం లేదు. ముసలి పెదవులు ఆడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ ఆడుతున్నాయి.

మామగారు ఆ పెదవుల్ని కళ్ళతో పట్టుకున్నారు. బనీను మీద తువ్వాలేసుకునే మనిషి కారు అప్పుడు. పెదవులు కలిసే ప్రతిచోటా ఒక మ, లేదా ఒక బ, సూదిలో దారం ఎక్కించినట్టు పడుతున్నాయి. "విద్యను... నీ కోసము దాచుకొనకుము. బాలకా... ఇచ్చినదే నీది..." అంతవరకూ వచ్చింది. అక్కడ గొంతు చీలింది. చీలి, గాలిగా మారింది. తెర మీద నోరు ఇంకా ఆడుతోంది. ఈయన నోరూ దానితో సమంగా ఆడుతోంది. మాట లేదు. గాలి కూడా ఈలగా తగ్గి, ఆగిపోయింది. తెర మీద గురువు తల వాల్చేశాడు.

కోడలు లేచి నిలబడింది. సౌండు ఇంజినీరు ఆమె వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో నీళ్ళు.

"చూశారా మేడమ్? మాటే లేకుండా చంపేశారు. ఇంకో టేకు అక్కర్లేదు. ఇదే ఉంచేస్తాను."

అద్దానికి అవతల మామగారు మైకు స్టాండు పట్టుకుని నిలబడి, ఇవతలకి చూస్తూ, మళ్ళీ తీద్దామని చేత్తో సైగ చేస్తున్నారు. ఇంజినీరు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు గొట్టం పెట్టి లోపలికి చూశాడు. ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడిగాడు. కొడుకూ కోడలూ అత్తగారూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోయారు. కొడుకు పెళ్ళికి ముందు అన్నాడు, తర్వాతేమో అన్నాడు. అత్తగారు, పని మొదలయ్యాక అంది, అంతకు ముందు తమాషాకి కదా అంది, తమాషా ఎప్పుడు అయిపోయిందో గుర్తు తెచ్చుకోబోయింది. ఏ రోజు దాకా వేషమో ఏ రోజు నుంచి రోగమో ఆ ఇంట్లో చెప్పగలిగిన మనిషి లేడు. డాక్టరు కలం పట్టుకుని ఎదురుచూశాడు. ఇంట్లో ఒకరి గొంతు ఇన్ని నెలలు బొంగురుపోతే ఎవరికీ తెలియలేదా అన్నాడు. తిట్టినట్టు కాదు, నిజంగా అర్థంకాక అడిగినట్టు.

కోడలు తను తెలిసీ వారం దాచిన సంగతి చెప్పేసింది. ఆ వారం వల్ల మారిందేమీ లేదమ్మా, ఎప్పుడో దాటిపోయింది అన్నాడు డాక్టరు. మంచి మనిషి. ఆ మాట ఆమెకి ఏ రకంగానూ అక్కరకి రాలేదు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. తీసినా ఎన్నాళ్ళన్నది ఇప్పుడే చెప్పలేనన్నాడు. మామగారు తల ఊపారు. అత్తగారు ఆయన వైపు చూడలేదు. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆయన చొక్కా అంచు పట్టుకుంది, తప్పిపోతానని భయపడే పిల్లలా.

తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. దగ్గు కూడా అక్కడి నుంచే. ఆయన ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే ఆఖరి సినిమా వేశారు. ఇంట్లో టీవీ పెట్టలేదు. అక్కర్లేకపోయింది, చుట్టుపక్కల ప్రతి కిటికీలోంచీ ఆయనే మాట్లాడారు. గురువు చనిపోయేచోట వీధి మొత్తం నిశ్శబ్దమైపోయింది. మర్నాడు మంగలి పైకి వచ్చి, ఆ ఆఖరి ఊపిరి గురించి చెబుతూ ఏడ్చాడు. అలాంటి నటన ఇంకెవరూ చెయ్యలేరన్నాడు. మామగారు అతనికి కుర్చీ చూపించారు. ఛానెలు వాళ్ళు ఫోను చేసి, జనం ఆ ముక్కనే తెగ చూస్తున్నారు, ఇంకో వరస మొదలుపెడదామా అని అడిగారు. కొడుకు బాల్కనీలోకి వెళ్ళి వాళ్ళతో నెమ్మదిగా ఏదో చెప్పాడు.

కోడలు ఒకటి పట్టుకుని వదల్లేకపోయింది. ఆయన మామూలు గొంతు ఆమె ఒక్కసారీ వినలేదు. మొగుడూ తనూ కూర్చుని ఫోన్లన్నీ గాలించారు. పుట్టినరోజులు, ప్రయాణాలు, పెళ్ళి వీడియో. కెమెరా కనపడితే చాలు ఆయన గురువైపోయేవారు. అందరూ అదే అడిగేవారు మరి. ఒకచోట వెనకనుంచి ఎవరో సన్నగా "ఫ్యాను ఆపండి" అన్నారు. ఇద్దరూ దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నారు. ఆయన కాదు, మేనత్త.

ఆఖరికి వంటింట్లోకి వెళ్ళి అత్తగారినే అడిగింది, ఎలా ఉండేదత్తయ్యా అని. ఆవిడ చేతిలో గిన్నె దించింది.

"సన్నగా ఉండేది. ఆడగొంతనుకుని ఫోన్లో అమ్మగారూ అనేవాళ్ళు. సిగ్గుపడేవారు. అందుకే ఆ బండగొంతు నేర్చుకున్నారు." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నన్ను పిలిచేటప్పుడు ఇంకా సన్నమయ్యేది. ఇదిగో అనేవారు. ఇలాగ."

అని చూపించబోయింది. "ఇదిగో." ఆగి, తల అడ్డంగా ఊపింది. "కాదు. ఇంకొంచెం ముక్కుతో. ఇదిగో." అదీ కాదంది.

గుమ్మంలో అలికిడైంది. మామగారు ఎప్పుడు లేచి వచ్చారో, తలుపుచట్రం పట్టుకుని నిలబడి ఉన్నారు. అత్తగారు ఆయన్ని చూసింది. మొహం తిప్పుకోలేదు. ఆయన కళ్ళల్లోకే చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు, మళ్ళీ అంది. "ఇదిగో."

ఆయన కాదన్నట్టు తల ఊపారు.

ఆవిడ ఇంకాస్త పైకెత్తి అంది. కాదు. తగ్గించి అంది. కాదు. ఆయన పెదవులు కదిపి చూపించారు. పెదవులు చూస్తే ఏం తెలుస్తుంది. ఆవిడ గొంతు వణకడం మొదలుపెట్టింది, ఇంక ఏది పలికినా ఏడుపులాగే వస్తోంది. అయినా అంటూనే ఉంది. కోడలు ఆ ఇద్దరి మధ్యనుంచి ఎటు తప్పుకోవాలో తెలియక గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన ప్రతిసారీ ఓపిగ్గా విని, ప్రతిసారీ తల అడ్డంగానే ఊపుతున్నారు.